ఫౌల్ నాది, పాయింట్లూ నావే

మా ఊళ్ళో క్రికెట్ చూసేవాణ్ణి అభిమాని అంటారు. కబడ్డీ చూసేవాణ్ణి హుషారైన మనిషి అంటారు. కోడిపందేలు చూసేవాణ్ణి పెద్దమనిషి అంటారు. స్నూకర్ చూసేవాణ్ణి మాత్రం ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు.

నేను ఏళ్ళ తరబడి స్నూకర్ చూస్తున్నాను. కర్ర ఎప్పుడూ పట్టుకోలేదు, బంతి ఎప్పుడూ ముట్టుకోలేదు. మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నూకర్ బల్ల ఆఫీసర్స్ క్లబ్బులో ఉంది గానీ, మీటింగులప్పుడు ఉప్మా గిన్నెలూ అల్లం పచ్చడీ దాని మీదే పెడతారు కాబట్టి దాని ఆకుపచ్చ రంగు చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఎక్కడో ఇంగ్లండులో ఇద్దరు పెద్దమనుషులు నల్ల వెయిస్ట్‌కోట్లు తొడుక్కుని, మెడకి బో టై కట్టుకుని ఆడుతుంటే, ఇక్కడ నేను మా పురపాలక సంఘం జనన మరణాల విభాగం నుంచి పరుగున ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటాను. ఒకాయన ఆడుతున్నంతసేపూ రెండో ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతాడు. జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఒకడు దగ్గితే మిగతా అందరూ వెనక్కి తిరిగి వాడి వంక చూస్తారు.

"ఏవండీ, ఆ జాకెట్టాయన ఇందాకట్నుంచీ ఆలోచిస్తానే ఉన్నాడు. నేను పప్పు తాలింపు పెట్టొచ్చినా ఇంకా కొట్టలేదు. గవర్నమెంటు ఉద్యోగమా ఏంటి?" అంటుంది మా ఆవిడ మాణిక్యాంబ.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఆటలో తప్పు చేసినవాడు తనే చెప్పేస్తాడు. చొక్కా చెయ్యి బంతికి తగిలిందనుకోండి, రిఫరీ చూడలేదు, కెమెరా చూడలేదు, ఎదుటివాడు నీళ్ళు తాగుతున్నాడు. అయినా వీడు లేచి నిలబడి "నాది ఫౌల్" అంటాడు. పాయింట్లు ఎదుటివాడికి పోతాయి. వీడు వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. ఇంకొకటి. కొట్టిన బంతి అనుకున్న చోటికి కాక అదృష్టం కొద్దీ ఇంకో చోట పడి కలిసొస్తే, గెలిచిన మొహం పెట్టడు. చెయ్యి పైకెత్తి క్షమించమని అడుగుతాడు. ఇవి చూసినప్పుడల్లా నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. రోజంతా మా ఆఫీసులో కూర్చుని వచ్చినవాడికి అలా అవ్వడం సహజం.

ఇంతవరకూ ఇది నా సొంత పిచ్చి. ఎవరికీ నష్టం లేదు. మా కమిషనరు గారికి అంటుకున్నాకే ఊరి మీద పడింది.

మా కమిషనరు వేదాంతం శేషఫణి గారు ఉత్సాహవంతులు. ఏడాదికొక ఉత్సాహం వస్తుంది ఆయనకి. ఒక ఏడు నవ్వుల యోగా వచ్చింది. పన్ను వసూలుకి వెళ్ళిన బిల్లు కలెక్టర్లు గుమ్మంలో నిలబడి ముందు పకపకా నవ్వి ఆ తరవాత నోటీసు ఇవ్వాల్సి వచ్చేది. ఇద్దరికి దెబ్బలు తగిలాక అది ఆగింది. మరో ఏడు చెట్లతో మాట్లాడే కార్యక్రమం వచ్చింది. చెట్లు మిగలకపోవడంతో అదీ ఆగింది.

ఈసారి ఎవరో ఆయన ఫోనుకి చిన్న వీడియో పంపారు. అందులో ఒక స్నూకర్ ఆటగాడు, కప్పు చేతికి అందబోతుండగా, తన వెయిస్ట్‌కోటు అంచు బంతికి తగిలిందని తనే చెప్పి ఓడిపోతాడు. కమిషనరు గారు అది చూసి ఏడ్చారట. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిపించారు.

"సోమసుందరం గారూ, ఈ క్రీడలో మీకు ప్రవేశముందని తెలిసింది."

"చూస్తానండి. ఆడనండి."

"మంచిది. మన సంస్థలో ఏ విషయంలోనైనా నిపుణులను అలాగే ఎంచుకుంటాం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ దినము నుండి మన కార్యాలయంలో స్వచ్ఛంద లోప ప్రకటన పథకం అమలులోనికి వచ్చును. ప్రతి ఉద్యోగీ తన ఫౌల్‌ను తానే ప్రకటించవలెను. ఇతరుల ఫౌల్‌ను ప్రకటించుట క్రమశిక్షణా ఉల్లంఘనగా పరిగణించబడును. మీరు రిఫరీ."

మాట్లాడేటప్పుడు ఆయన ఫైలులా మాట్లాడతారు. ఇంట్లో కూడా అంతేనని వాళ్ళ డ్రైవరు చెబుతాడు.

"చిన్న తప్పుకి నాలుగు పాయింట్లు, ఘోరమైన తప్పుకి నల్ల బంతి కింద ఏడు. అంతే కదా?"

"అంతేనండి. అయితే ఆ పాయింట్లు ఎదుటివాళ్ళకి వెళ్తాయండి."

కమిషనరు గారు కలం ఆపారు. "ఎదుటివాళ్ళంటే?"

నేను తల గోక్కున్నాను. "మనకి ఎదురుగా కౌంటరు అవతల నిలబడేది జనమే కదండీ. వాళ్ళకే అనుకోవాలి."

"అంటే మనం తప్పు చేసిన ప్రతిసారీ ప్రజలకు ఏదో ఒకటి జమ చెయ్యాలా?"

"ఆటలో అయితే అంతేనండి. ఎదుటివాడికి లాభం రాకపోతే అది ఒప్పుకున్నట్టే కాదండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. గోడ మీద బల్లి కూడా కదల్లేదు. "ప్రజలకు జమ చేయుటకు మన వద్ద పద్దు లేదు. పైగా ఉద్యోగికి ప్రోత్సాహం ఏముంటుంది? పాయింట్లు ప్రకటించినవారికే చెందును. సంవత్సరాంతంలో అత్యధిక పాయింట్లు పొందినవారికి ఉత్తమ నిజాయితీ పురస్కారం, పదోన్నతిలో ప్రాధాన్యత" అని సవరణ రాసేశారు.

ఆ సవరణ దగ్గరే ఆట చచ్చిపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. చేతికి ఇచ్చిన తెల్ల గ్లవుజులు తొడుక్కుని చూసుకుంటున్నాను. రిఫరీకి అవి ఉండాలి కదా. ప్రభుత్వాసుపత్రి స్టోరు నుంచి తెప్పించారు, ఆపరేషన్లకి వేసుకునేవి.

వారం తిరిగేసరికి సిబ్బందికంతా వెయిస్ట్‌కోట్లు వచ్చాయి. టెండరు దక్కించుకున్నాయన పెళ్ళిళ్ళ బ్యాండు మేళానికి బట్టలు కుట్టేవాడు. అందుకని నల్లరంగు కాక కుంకుమరంగులో, భుజాలకి బంగారు జరీ కుచ్చులతో కుట్టుకొచ్చాడు. మండే మే నెలలో పారిశుద్ధ్య కార్మికులు అవి తొడుక్కుని కాలవలు తీస్తుంటే జనం పెళ్ళి ఎవరింట్లో అని అడిగేవారు.

ఆఫీసు హాల్లో పెద్ద బోర్డు కూడా పెట్టారు. "అధికారి ఆలోచించుచున్నారు. నిశ్శబ్దము పాటించుడు. దగ్గరాదు." స్నూకర్ హాల్లో జనం నోరెత్తరని నేనే పొరపాటున చెప్పాను. అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు ఇప్పుడు బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఎవరైనా ఉద్యోగి సంతకం పెడితే మెల్లగా చప్పట్లు కొట్టాలి. కొట్టే అవకాశం అరుదుగా వచ్చేది లెండి.

మొదటి రోజు ఎవరూ ముందుకి రాలేదు. మావాళ్ళకి తప్పు చేసిన అలవాటు లేదు కదా. మధ్యాహ్నానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గంగాధరం గొంతు సవరించుకుని లేచాడు.

"నా ఫౌల్ ప్రకటిస్తున్నానండి. నిన్న ఫ్యాను నావైపు తిప్పుకున్నాను."

కమిషనరు గారు గది లోంచి వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. నాలుగు పాయింట్లు. ఫోటో. మర్నాడు పేపర్లో వచ్చింది.

ఇక చూడండి. ఆ తరవాత నా కౌంటరు ముందు తిరనాళ్ళే. ఆఫీసు కలంతో ఇంట్లో చాకలి పద్దు రాశానని ఒకరు. మీటింగులో కునుకు తీశానని మరొకరు, ఆ కునుకులో కూడా ఆఫీసు గురించే కల వచ్చిందని కలిపి. పై అధికారిని మనసులో తక్కువగా పొగిడానని ఇంకొకరు. అతి నిజాయితీగా ఉండి తోటివాళ్ళని ఇబ్బంది పెట్టానని టౌన్ ప్లానింగు ఆయన నల్ల బంతి అడిగాడు. నేను ఇవ్వనన్నాను. పైకి వెళ్ళి ఏడు పాయింట్లూ తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకి చేసిన తప్పులు అయిపోయాయి. అంటే, చెప్పుకోదగ్గవి. అసలువి ఎవరూ ముట్టుకోలేదు. దాంతో చెప్పుకోవడానికని కొత్తవి చెయ్యడం మొదలుపెట్టారు. గంగాధరం పొద్దున్నే ఒక ఫైలు పోగొట్టి, పదింటికల్లా ప్రకటించి, పాయింట్లు వేయించుకుని, టీకి వెళ్ళేవాడు.

ఒకరోజు రేవు దగ్గర హోటలు నడిపే వీర్లంకయ్య అనే ఆయన, లైసెన్సు కోసం తిరిగి తిరిగి అరిగిపోయినవాడు, బోర్డు చూడకుండా గట్టిగానే అడిగాడు.

"ఏవండీ, నా లైసెన్సు కాయితాలు ఏవైనట్టండీ?"

"పోయాయండి. పోగొట్టింది నేనే" అన్నాడు గంగాధరం, గుండె మీద చెయ్యేసుకుని. "నిన్ననే ఒప్పుకున్నాను. నల్ల బంతి."

"ఆయ్, ఒప్పుకున్నారు, బాగానే ఉందండీ. మరి కాయితాలో?"

"పోయాయని చెప్పాను కదండీ. ఇంత నిజాయితీగా చెప్పినా ఇంకా అడుగుతారేంటి?"

"అయితే నాకేటొచ్చిందండీ ఇందులో?"

గంగాధరం నావైపు చూశాడు. నేను ఆపరేషను గ్లవుజుల వంక చూసుకున్నాను. చుట్టూ కూర్చున్న అర్జీదారులు అలవాటు కొద్దీ మెల్లగా చప్పట్లు కొట్టారు. వీర్లంకయ్యని దగ్గాడన్న నేరం మీద బయటికి పంపించారు.

అదుగో, అలాంటి రోజుల్లో కరుణకుమారి వచ్చింది. నీటి సరఫరా విభాగంలో అసిస్టెంటు ఇంజినీరు. చిన్న వయసు, మాట తక్కువ. వెయిస్ట్‌కోటు తొడుక్కోనందుకు అప్పటికే ఒక మెమో ఉంది ఆవిడ మీద. నా కౌంటరు ముందు నిలబడి మెల్లగా అంది.

"ఫౌలండీ. లాకుపేట బడి పక్కన వాటర్ ట్యాంకు కట్టాం కదండీ. నీళ్ళు నింపి పరీక్ష చెయ్యకుండానే బాగుందని సంతకం పెట్టేశాను. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని ఒత్తిడి చేశారండి, పెట్టేశాను. ఇప్పుడు స్తంభాలకి పగుళ్ళొచ్చాయి. చెయ్యి దూరుతోంది. ట్యాంకు ఖాళీ చేయించాలి, పిల్లల్ని అక్కణ్ణించి మార్పించాలండి."

హాలంతా నిశ్శబ్దం. ఈసారి బోర్డు వల్ల కాదు. అన్నాళ్ళలో అక్కడ పలికిన మొదటి అసలు ఫౌల్ అది. నేను లేచి నిలబడి "ఫౌల్, నల్ల బంతి, ఏడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంగ్లండులో రిఫరీలాగా పలికింది.

ఇద్దర్నీ లోపలికి పిలిచారు.

"కరుణకుమారి గారూ, మీ చైతన్యాన్ని అభినందిస్తున్నాము. కానీ మీ ప్రకటనలో ఒత్తిడి అను పదము కలదు. ఒత్తిడి అనగా రెండవ వ్యక్తి ఉన్నట్లు ధ్వనించుచున్నది. ఇతరుల ఫౌల్‌ను ప్రకటించరాదని నిబంధన" అన్నారు కమిషనరు గారు. ఆ ట్యాంకుకి రిబ్బను కత్తిరించే రోజు మంత్రిగారి పక్కన నవ్వుతూ నిలబడింది ఈయనే. ఆ ఫోటో ఆయన వెనక గోడ మీదే ఉంది.

"అయితే ఆ మాట కొట్టేస్తానండి. తప్పంతా నాదేనని రాస్తాను. బడి మాత్రం ఖాళీ చేయించండి."

"మన పథకం లోప ప్రకటనకే గానీ లోప సవరణకు కాదు. సవరణకు బడ్జెట్టు లేదు. అదీగాక ట్యాంకు నిలబడే ఉన్నది కదా? రిఫరీ గారూ, మీరు చెప్పండి. బంతి కదలకుండానే ఫౌల్ అవుతుందా?"

"తగిలితే చాలండి. కదలక్కర్లేదు."

"అది అక్కడి చల్లని వాతావరణంలో. మన పరిస్థితులు వేరు." ఫైలు మూసేశారు. "ట్యాంకు పడిన పిదప ప్రకటించండి. పూర్తి పాయింట్లు మంజూరు చేస్తాము."

బయటికొచ్చాక ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. "నేను రోజూ పొద్దున్నే ఎల్లి ఆ పగులు చూసొత్తున్నానండి. కిందనే పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడతన్నారు" అంది. ఆఫీసు భాష పోయి ఇంటి భాష వచ్చేసింది నోట్లోంచి. రిఫరీకి ఫౌల్ అనడం వరకే అధికారం. చాలా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక గ్లవుజులు పీకి మళ్ళీ తొడుక్కున్నాను.

ఇంతలో మా సంఘం రాష్ట్రంలోకెల్లా నిజాయితీగల సంఘమని తేలింది. తప్పుల సంఖ్యని బట్టి లెక్క. ఇన్ని తప్పులు ఒప్పుకున్న ఆఫీసు ఇంకోటి లేదట. రాజధాని నుంచి కార్యదర్శి గారు వచ్చి పురస్కారం ఇస్తారన్నారు. సభ ఎక్కడ పెట్టాలి? కమిషనరు గారు కారేసుకుని ఊరంతా తిరిగి, నలుగురికీ కనబడే చోటని, మన హయాంలో కట్టిన కట్టడం వెనక ఉంటే ఫోటో బాగుంటుందని, లాకుపేట బడి మైదానం ఖాయం చేశారు. ట్యాంకు కింద వేదిక. ముందు వరసలో బడిపిల్లలు, మెల్లగా చప్పట్లు కొట్టడానికి. ట్యాంకు అంచుదాకా నింపమని ఉత్తర్వు, కార్యదర్శి గారు కుళాయి తిప్పితే ధార పడాలి కదా.

కరుణకుమారి రెండుసార్లు లోపలికి వెళ్ళింది. రెండుసార్లూ అధికారి ఆలోచిస్తున్నారని చెప్పి పంపించేశారు.

సభకి ముందురోజు సాయంత్రం లాకుపేట మైదానం చెరువైపోయింది. ట్యాంకులో నీళ్ళన్నీ రాత్రికి మైదానంలోకి వచ్చేశాయి. షామియానా స్తంభాలు బురదలో వంకరపోయాయి, కుర్చీలు తేలాయి. పైపు పగిలిందని కొందరు, ఎవరో గిట్టనివాళ్ళ పనని కొందరు అన్నారు. బురదలో పిల్లలు రాలేరని హెడ్‌మాస్టరు బడికి సెలవిచ్చేశారు. కమిషనరు గారు అగ్గి మీద గుగ్గిలమై, వేరే దారి లేక సభని ఆఫీసర్స్ క్లబ్బుకి మార్చారు.

అలా మా ఊరి స్నూకర్ బల్లని నేను మొదటిసారి దగ్గరగా చూశాను. ఉప్మా గిన్నెలు తీసి దాని మీద పూలదండలు పెట్టారు. సిబ్బందంతా కుంకుమరంగు వెయిస్ట్‌కోట్లలో బారులు తీరారు. నేను వేదిక పక్కన గ్లవుజులతో, మైకుతో. కార్యదర్శి గారు మాట్లాడుతూ తప్పులు చేయుటలో ఈ సంఘం రాష్ట్రానికే ఆదర్శమన్నారు. పొరపాటున నిజం చెప్పారనుకుంటాను.

ఆయన పూర్తిచేసేలోగా ఎవరికో ఫోను వచ్చింది. ఆ ఫోను చేతులు మారుతూ వేదిక ఎక్కింది. లాకుపేట ట్యాంకు పడిపోయింది. ఖాళీగానే ఉన్నా స్తంభాలు నిలబడలేదు. సరిగ్గా వేదిక కోసం వేసిన షామియానా మీద పడింది.

"ప్రాణనష్టం?" అన్నారు కార్యదర్శి గారు, మొహం పాలిపోయి.

"ఎవరూ లేరండి. బురదని పిల్లలు రాలేదండి."

హాలంతా ఊపిరి వదిలింది. ఒక్క నిమిషం అందరూ మనుషుల్లా ఉన్నారు. తరవాత కార్యదర్శి గారికి అనుమానం వచ్చింది. "ఆ ట్యాంకు బాగుందని ధ్రువీకరించిందెవరు? ఇది నిజాయితీ సంఘం కదా. ఎవరిదైనా ఫౌల్ ఉంటే చెప్పవచ్చు."

ఫ్యాను తిప్పుకున్నానని చెప్పుకున్న గంగాధరం పైకప్పు చూశాడు. చాకలి పద్దు ఆయన నేల చూశాడు. మంచి స్నూకర్ హాలు కూడా అంత నిశ్శబ్దంగా ఉండదు. వెనక వరసలోంచి కరుణకుమారి లేచింది. అందరిలోకీ తనొక్కతే మామూలు చీరలో ఉంది.

"నాదండి. నింపి చూడకుండా సంతకం పెట్టాను. నిన్న సాయంత్రం అడుగు వాల్వు తిప్పి నీళ్ళు వదిలేసింది కూడా నేనేనండి."

"తొందరపెట్టిందెవరు?"

ఆవిడ కమిషనరు గారి వంక చూసింది. ఏమీ అనలేదు. నిబంధన ఉంది కదా, ఎవరి ఫౌల్ వాళ్ళే చెప్పుకోవాలి. హాలు మొత్తం ఆయన వంకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఏళ్ళ తరబడి టీవీ ముందు నేను ఎదురుచూసిన క్షణం ఇలాగే ఉంటుంది. ఆటగాడు కర్ర కింద పెట్టి నోరు తెరవబోతాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన మీద నాకు ఆశ పుట్టింది.

శేషఫణి గారు మెల్లగా లేచారు. మైకు పుచ్చుకున్నారు. కళ్ళనిండా నీళ్ళు.

"నాది కూడా ఒక ఫౌల్ ఉన్నది" అన్నారు. "ఘోరమైన ఫౌల్. నా క్రింది సిబ్బందిని అతిగా నమ్మితిని."

హాలు దద్దరిల్లింది. గంగాధరం ఏడ్చాడు. కార్యదర్శి గారు జేబురుమాలు తీశారు. "ఇంతటి పదవిలో ఉండి ఇంతటి వినయమా! రిఫరీ గారూ, ఎన్ని పాయింట్లు?"

"ఏడండి" అన్నాను మైకులో. "లాకుపేటకి."

"ఏమన్నారు?"

"ఫౌల్ అయితే పాయింట్లు ఎదుటివాళ్ళకండి. లాకుపేట పిల్లలకి..."

మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏడు పాయింట్లూ కమిషనరు గారి పేరున పడ్డాయి. దాంతోబాటు, ముందుచూపుతో సభాస్థలం మార్చి ప్రాణనష్టం లేకుండా కాపాడినందుకు ప్రత్యేక ప్రశంసా పత్రం కూడా అక్కడికక్కడే ప్రకటించారు. బల్ల మీది దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి. ఆయన చెయ్యి పైకెత్తి జనానికి ఊపారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటోనే.

కరుణకుమారిని సస్పెండు చేశారు. నీటిని వృథా చేసినందుకు, సెలవుకి కారణమైనందుకు, అనుమతి లేకుండా తప్పు సరిదిద్దినందుకు. నా గ్లవుజులు లాక్కుని నన్ను తిరిగి జనన మరణాలకి పంపేశారు. అక్కడ హాయిగానే ఉంది. పుట్టినవాడూ పోయినవాడూ పాయింట్లు అడగరు. కమిషనరు గారు పదోన్నతి మీద పెద్ద ఊరికి వెళ్తున్నారు గానీ, వెళ్ళేలోగా లాకుపేటలో కొత్త ట్యాంకు ప్రారంభించే వెళ్తామని ముహూర్తం పెట్టించారు. పునాది ఇంకా తవ్వలేదు.

మొన్న ఆదివారం సాయంత్రం కరుణకుమారి మా ఇంటికి వచ్చింది. మాణిక్యాంబ పకోడీలు వేసింది. టీవీలో ఆట నడుస్తోంది. ఒకాయన కొట్టిన బంతి అటూ ఇటూ తగిలి, అనుకోని పాకెట్లో పడింది. ఆయన ఎదుటివాడి వైపు తిరిగి చెయ్యి పైకెత్తాడు.

"ఎందుకండీ ఆ చెయ్యెత్తడం?" అంది మాణిక్యాంబ.

"ఇది నా గొప్ప కాదు, కలిసొచ్చింది, క్షమించమని."

"మరి మీ కమిషనరు గారు కూడా పేపర్లో చెయ్యెత్తారు గదండీ?"

కరుణకుమారికి పకోడీ గొంతుకి అడ్డంపడింది. నవ్వీ నవ్వీ నీళ్ళు తాగింది. ఆ మొహంలో నవ్వు చూసి చాలా రోజులైంది. కాసేపటికి తెరమీద ఇంకో ఆటగాడు లేచి రిఫరీకి ఏదో చెప్పాడు. ఎవరూ చూడని ఫౌల్. పాయింట్లు ఎదుటివాడికి వెళ్ళాయి. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇప్పుడేం చేత్తాడండీ ఈయన?"

"ఏం చెయ్యడమ్మా. అలా కూర్చోడమే."

"ఎంతసేపండీ?"

"ఎదుటివాడు తప్పు చేసేదాకా. అప్పుడు మళ్ళీ ఈయన వంతు."

కరుణకుమారి పళ్ళెంలోంచి ఇంకో పకోడీ తీసుకుని, కాళ్ళు పైకి మడుచుకుని, కుర్చీలో తీరిగ్గా వెనక్కి వాలింది.

"అయితే ఎంతోసేపు పట్టదు లెండి" అంది.